బేకరీ అత్త పండుగప్ప

మా బేకరీ అత్త పోయింది. పోయిన శుక్రవారం పొద్దున్నే ఆమె కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మీ లేదు. నమాజు చేసుకుని కాసేపు నడుం వాలుస్తానని పడుకునింది. టీ తీసుకొని పోయి లేపితే లేవలా" అనింది.  

నెల్లూరు నుంచి బయలుదేరి ఇందుకూరుపేట చేరేసరికి బేకరీ ముందు రోడ్డు నిండా మనుషులు. రొయ్యల గుంటల దగ్గర మేత చల్లి అట్నే వచ్చినవాళ్ళు, మైపాడు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్ళు, మా చుట్టుపక్కల పొలాల రైతులు. బస్సు ముందుకు కదల్లేక ఆగిపోయింది. కిటికీలోంచి ఎవరో తల బయటపెట్టి, "ఎవరన్నా పెద్ద మనిషా పోయింది?" అని అడిగారు. ఆటో పక్కన నిలబడిన ఒకాయన, "మా బేకరీ అత్తయ్యా" అన్నాడు. ఆయన ఎవరో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆమె నా ఒక్కదానికే అత్త అనుకుంటూ ఉన్నాను. ఊరంతటికీ అత్తేనని ఆ రోజు తెలిసింది. గర్వంగా అనిపించింది. చావింట్లో ఆ మాట అనకూడదేమో గానీ, నిజం అదే.

ఆమె సంగతి మీకు చెప్పాలి.

మా ఇంటికీ వాళ్ళ బేకరీకీ మధ్య ఒకటే గోడ. మేము వరి పండించేవాళ్ళం, వాళ్ళు రొట్టె కాల్చేవాళ్ళు. మా నాన్న ఆ బేకరీ ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి ఆయన నాకు మామ, ఆమె అత్త. మా అమ్మకేమో వదిన. మేము హిందువులం, వాళ్ళు ముస్లిములు. వరసలకి మాత్రం అది ఎప్పుడూ అడ్డం రాలేదు.

అత్త పెళ్ళయి నెల్లూరు నుంచి వచ్చిన కొత్తలో బట్టీ దగ్గరికి పోవాలంటేనే భయపడేదంట. అది గది అంత ఇటుకల బట్టీ. లోపల సరుగుడు కట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, ఆ ఇటుకలు పట్టుకున్న వేడి మీద రొట్టెలు కాల్చేవాళ్ళు. మామా, ఒక పనాయనా పొడుగాటి తెడ్లతో ట్రేలు లోపలికి తోస్తా, బయటికి లాగతా ఉంటే, అత్త వెనక గదిలో కూర్చుని రస్కులు కవర్లలో కట్టేది. బట్టీ ముందర ఆడవాళ్ళు నిలబడే ఆచారం ఆ ఇంట్లో లేదు.

నేను కాలేజీలో చదివే రోజుల్లో మామకి కడుపులో పుండు పడింది. పులుపు, కారం, నూనెలో వేయించినవి ముట్టకూడదని డాక్టరు చెప్పినాడు. మా వైపు మనిషికి ఈ మూడూ వద్దంటే ఇంకేం మిగలతాది చెప్పండి? అందులోనూ మామ చేప లేకుండా ముద్ద ఎత్తని మనిషి. మా అమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు పెడితే, గోడ అవతలి నుంచి గిన్నె చాపేవాడు. అట్టాంటి మనిషి పాలల్లో రొట్టె నానబెట్టుకుని తింటా చిక్కిపోయినాడు. అత్త చేపని ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టి ఇస్తే పళ్ళెం పక్కకి జరిపేసినాడు. "ఇది తినే బదులు జబ్బుతోనే ఉంటాలే" అన్నాడు. నవ్వతానే అన్నాడు గానీ, ఆ రోజు అత్త మా అమ్మ దగ్గరికి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "వదినా, ఆయన అన్నం మీద ఆశ వదులుకుంటా ఉన్నాడు" అనింది.

ఏడవడం ఆ ఒక్క రోజే. మర్నాడు సాయంత్రం చూస్తే, రొట్టెలు తీసేసిన బట్టీ ముందర నిలబడి లోపలికి చెయ్యి చాపి చూస్తా ఉంది.

"ఏంది అత్తా చూస్తా ఉండావు?" అన్నాను గోడ మీద నుంచి.

"ఇంత వేడి ఊరికే చల్లారి పోతా ఉంది మే. దీంట్లో చేప కాలదంటావా?"

అప్పట్లో మా వైపు ఎవరూ చేపని అట్ట కాల్చలేదు. పులుసు, లేకుంటే వేపుడు, అంతే. అత్త పండుగప్ప తెప్పించింది. మా తీరంలో దొరికే చేపల్లో దానిది తెల్లటి కండ, ముల్లు తక్కువ. తోలు తీసి, మందంగా ముక్కలు కోసి, ఉప్పూ వెల్లుల్లీ పట్టించి, రొట్టెల ట్రేలో పరిచింది. ఉత్త తెల్ల చేప చూస్తే ఆయన మళ్ళీ పళ్ళెం జరిపేస్తాడని, కవర్లకి పనికిరాని విరిగిన రస్కులు దంచి ఆ పొడి పైన చల్లింది. బట్టీలో పెట్టింది.

బయటికి వచ్చింది చూస్తే ఉప్మా. చేపలోంచి నీళ్ళు ఊరి రస్కు పొడంతా ముద్దయిపోయింది. మామ పడీ పడీ నవ్వినాడు, చాలా నెలల తర్వాత. అత్త నవ్వలేదు.

ఎన్నిసార్లు పాడు చేసిందో ఎవరమూ లెక్క పెట్టలేదు. ఒకసారి పైన మాడింది, ఒకసారి లోపల పచ్చిగా ఉంది, ఒకసారి పిల్లి తినేసింది. కిటుకు ఆమెకి మెల్లగా చిక్కింది. ముక్కలకి ఉప్పు రాసి కాసేపు పక్కన పెడితే నీళ్ళు ఊరతాయి. అవి ఒంపేసి, ఉతికిన గుడ్డతో ముక్కని పొడిగా ఒత్తాల. రస్కుని పిండి చేయకూడదు, బరకగా నలగ్గొట్టాల. అందులో మా గేదె వెన్న ఒక చెంచాడు, సన్నగా తరిగిన వెల్లుల్లి, కొత్తిమీర, చేత్తో నలిపిన కరివేపాకు వేసి తడిపొడిగా కలిపి, ముక్క మీద అదమకుండా వదులుగా పరవాల.

నాకు నేర్పేటప్పుడు చెప్పింది. "నీళ్ళు పోకముందే పైన పొడి చల్లినావంటే, ఏడుపు ఆపుకోకుండా మొహానికి పౌడరు పూసుకున్నట్టుంటాది మే. ముందర ఏడుపు ఆపుకో, తర్వాత సింగారించుకో." ఆ తర్వాత ఈ మాట నాకు చేపల దగ్గరే కాదు, చాలా చోట్ల పనికొచ్చింది.

చివరికి ఒక సాయంత్రం ట్రే బయటికి లాగి, మామ ముందర పెట్టి, గరిటె అంచుతో పైన నొక్కింది. కరకరమని పగిలింది. కింద చేప పొరలు పొరలుగా, మీగడలాగా తెల్లగా విడిపోయింది. మామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ట్రే తన వైపు లాక్కున్నాడు. ఆ లాక్కోవడం చూసి అత్త వెనక్కి తిరిగి గోడకేసి నిలబడింది. మా అమ్మకి వాసన వచ్చి గోడ మీద నుంచి, "వదినా, ఏందది?" అంటే, "మీ అన్న తింటా ఉన్నాడు వదినా" అని మాత్రం అనింది. ఏం వండిందో చెప్పలేదు. ఆమెకి అంతకంటే పెద్ద సంగతి ఇదే.

మామ కోలుకున్నాడు. ఆ చేప తిన్నందుకే కోలుకున్నాడని నేను అనను, మందులూ వాడినాడు. కానీ తిండి మీదికి మనసు మళ్ళింది మాత్రం దానితోనే. ఆ తర్వాత చాలా ఏళ్ళు బాగున్నాడు. ఒక వానాకాలం ఉన్నట్టుండి గుండె ఆగి పోయినాడు. అత్తకి ఒక్కతే కూతురు, అప్పటికింకా స్కూల్లో చదువుతా ఉంది. పనాయన ఇంకో ఊరి బేకరీకి వెళ్ళిపోయినాడు. బట్టీ చల్లారింది. మా రెండిళ్ళ మధ్య గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది, మా పిల్లి దాన్నానుకుని పడుకునేది. ఆ గోడ చల్లగా అయిపోయింది.

మొగుడు పోయినాక అత్త ఇల్లు కదలకుండా ఉండాల్సిన గడువు ముగిసినాక మామ వాళ్ళన్న వచ్చినాడు. నెల్లూరులో కట్టెల అడితి ఉండేది ఆయనకి. చెడ్డ మనిషి కాదు. తమ్ముడి కుటుంబం బాధ్యత తనదే అనుకునే మనిషి. మా నాన్నని కూడా పిలిచి కూర్చోబెట్టుకుని, పరదా వెనక ఉన్న అత్తతో చెప్పినాడు.

"చూడమ్మా, వాడే లేకపోయినాక ఈ బట్టీ ఎందుకు? పడగొట్టి గదులు కట్టి బాడుగకి ఇద్దాం. నువ్వూ బిడ్డా నెల్లూరొచ్చి మాతో ఉండండి. ఆడమనిషివి, ఒక్కదానివి, నిప్పు ముందర ఎట్ట నిలబడతావు?"

అత్త ఎదురు చెప్పలేదు. "మీ ఇష్టం బావగారూ. కాకపోతే పడగొట్టే ముందర ఒక్క పూట మా ఇంట్లో భోంచేసి పోండి. ఆదివారం పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయినాక రండి" అనింది.

అప్పటికి నాకు పెళ్ళయి కొడవలూరు వెళ్ళిపోయాను. ఆ వారం అమ్మగారింట్లో ఉన్నాను కాబట్టి ఆ ఆదివారం నా కళ్ళారా చూశాను. తెల్లారి లేచి మా నాన్న కట్టెలు చీల్చి ఇచ్చినాడు. మా అమ్మా నేనూ పిండి పిసికాము. బట్టీ మటుకు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు అత్త. తనే వెలిగించింది, తనే నిప్పులు లాగింది. చిటికెడు మైదా లోపల ఇటుకల మీద చల్లి, అది ఎంత తొందరగా ఎర్రబడుతుందో చూసింది. మామ చేసేది అదే. ఆమె ఇన్నేళ్ళూ వెనక గదిలో రస్కులు కడతానే చూసి ఉండిందని అప్పుడు తెలిసింది మాకు.

మొదటి వాయి రొట్టెలు అడుగున బొగ్గయినాయి. వేడి ఎక్కువైపోయింది. మా అమ్మ, "వదినా, అన్నం వండేద్దాం, రొట్టెలెందుకు ఈ పూట" అనింది. అత్త మాడిన రొట్టెలన్నీ బుట్టలో వేసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, "మళ్ళీ పిసుకుదాం" అనింది. అంతే. మధ్యాహ్నం అన్నం తినలేదు, కూర్చోలేదు. ముంజేతి మీద ట్రే అంచు తగిలి చర్మం ఎర్రగా లేస్తే, ఇంత వెన్న రాసుకుని తెడ్డు పట్టుకునింది. రెండో వాయి పొద్దు వాలతా ఉండగా బయటికొచ్చింది. బంగారు రంగు. ఒక రొట్టె చేతిలోకి తీసుకుని అడుగున వేలితో తట్టి చూసింది. డోలు మీద తట్టినట్టు మోగింది. "సరిపోయింది" అనింది. ఆ మిగిలిన వేడిలోకి పండుగప్ప ట్రే తోసింది.

నెల్లూరు పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. మా నాన్న పక్కన కూర్చున్నాడు. పిల్ల చేత అత్త రొట్టే, చేపా పంపించింది. పెద్దాయన రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని ఆగినాడు.

"రొట్టె ఎవరు కాల్చినారు? పనోడు మళ్ళీ వచ్చినాడా?"

"లేదు బావగారూ. నేనే కాల్చినా" అనింది అత్త పరదా వెనక నుంచి.

ఆయన ఈసారి చేప తీసుకున్నాడు. పైన కరకరలాడే పొరని వేళ్ళతో విరిచి, తెల్లటి ముక్కతో కలిపి తిన్నాడు. ఇంకో ముక్క వేసుకున్నాడు. తలుపు చాటున మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునుంది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మీ తమ్ముడి జబ్బప్పుడు ఆయన కోసం నేర్చుకున్నా."

"వాడు నాకు చెప్పనేలేదే."

"చెప్తే మీరు నవ్వేవాళ్ళు."

పెద్దాయన నిజంగానే నవ్వినాడు. తర్వాత అడిగినాడు. "అయితే బట్టీ పడగొట్టొద్దంటావు."

"నేనట్ట అనట్లేదు బావగారూ. పడగొట్టే ముందర ఏం పడగొడతా ఉండారో మీకు తెలియాల గదా, అందుకని పిలిచినా."

పెద్దాయన ట్రే తన ముందరికి తెప్పించుకున్నాడు. మూలల్లో అంటుకున్న రస్కు పొరని చెంచాతో గీకి మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళేటప్పుడు, "తమ్ముడు ఏ కట్టె వాడేవాడు?" అని మా నాన్నని అడిగినాడు. సరుగుడు అని చెప్పినాడు నాన్న. మర్నాడు పొద్దున్నే అడితి నుంచి ట్రాక్టరు నిండా సరుగుడు కట్టెలు వచ్చి బేకరీ ముందర ఆగినాయి. అత్త బయటికి వచ్చి ఆ కట్టెల మీద చెయ్యి వేసి నిలబడింది. ఇక ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పరదా వెనక నుంచి మాట్లాడడం అయిపోయింది.

ఇంతటితో కష్టాలు తీరిపోలేదు. రొట్టెలు సరిగా రాని వారాలు ఉన్నాయి. ఆడమనిషి బేకరీలో ఏం కొంటాంలే అని పక్కకి పోయినవాళ్ళూ ఉన్నారు. తుపాను గాలికి ఒకసారి పొగగొట్టం కూలింది. ముంజేతుల మీద కాలిన మచ్చలు పెరిగినాయి. ఆమె వాటిని పైట కింద దాచుకునేది కాదు. బన్నుల కోసం వచ్చిన పిల్లలు అడిగితే, "ఇది క్రీము బన్నుది, ఇది రస్కుది" అని ఒక్కొక్క మచ్చకీ పేరు చెప్పేది.

చేప మాత్రం ఆమె ప్రచారం చేయకుండానే ఊళ్ళోకి పాకింది. శుక్రవారం సాయంత్రాలు రొట్టెలు అయినాక చేపల గుంటల రైతులు తమ పండుగప్పలు తెచ్చి, "అత్తా, ఇది కాల్చి పెట్టు, ఇంటికి చుట్టాలొచ్చినారు" అనేవాళ్ళు. అప్పటికి ఆమె మామ కోసం మానేసిన పచ్చిమిర్చీ, మిరియాలూ, నిమ్మకాయా అన్నీ వేసి చేసేది. ఒకాయన అభిమానం కొద్దీ 'కాంటినెంటల్ ఫిష్' అని బోర్డు రాయించి తెచ్చినాడు. అత్త చదివించుకుని, "అదెక్కడి ఊరు?" అని అడిగింది. ఆయన ఏదో చెప్పబోతే, "ఆ ఊరి చేపయితే ఆ ఊళ్ళో అమ్ముకుంటారులే. ఇది ఇందుకూరుపేట చేప" అని బోర్డు తిప్పి పిండి బస్తాల కింద వేసింది.

మా అమ్మ ఒక్కతే చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు. పులుసు లేని చేప ఏం చేపా అనేది. "పులుసు రేపటికి రుచి వదినా, ఇది ఈ పూటకి" అనేది అత్త. "ఈ పూట కూడా మనిషి బతకాల గదా." అమ్మకి వయసు మీద పడి, పులుసు పడని రోజులు వచ్చినాక, ఆ ట్రే గోడ మీద నుంచి మా ఇంట్లోకి దిగేది. అమ్మ తిని, "పర్లేదు" అనేది. అత్త ఆ 'పర్లేదు'ని ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది.

ఇప్పుడు మేముండే నెల్లూరు ఇంట్లో నేను ఈ చేపని చిన్న ఓవెన్‌లో చేస్తాను. మీరూ చేసుకోవచ్చు, పండుగప్పే కానక్కర్లేదు, ముల్లు తక్కువున్న తెల్ల చేప ఏదైనా సరే. బట్టీ రుచి రాదు, ఒప్పుకుంటాను. కానీ రాత్రి భోజనానికి అందరూ కూర్చున్నాక గరిటె అంచుతో పైన నొక్కినప్పుడు ఆ చప్పుడు వస్తే, మా పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి తలెత్తుతారు.

ఆ శుక్రవారం అత్త జనాజా ఎత్తుకుని పోయే ముందర నెల్లూరు పెద్దాయన వచ్చినాడు. మనవళ్ళు చెరో పక్కా పట్టుకుని కారు దించినారు. బట్టీ ముందర కుర్చీ వేయించుకుని కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్ళతో, "నేను ఒక్క బండి కట్టెలు పంపినా, అంతే. ఈ బట్టీని నిలబెట్టింది ఆమె. మా ఇంట్లో ఇంత గట్టి మనిషి మగవాళ్ళల్లో కూడా లేడు" అన్నాడు. ఆ మాట పెద్దగా, అందరికీ వినపడేట్టు అన్నాడు. నేను లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చుని విన్నాను. అత్త కూతురు కూడా వినింది. ఇప్పుడు ఆ బేకరీ ఆ అమ్మాయిదే. ముగ్గురు ఆడవాళ్ళు ఆమె కింద పని చేస్తారు.

నేను అత్తని ఆఖరుగా చూసింది మొన్న చలికాలంలో. ఇద్దరం మైపాడు వెళ్ళాము. సముద్రం ఒడ్డున కొత్తగా పెట్టిన హోటల్లో, కాల్చిన పండుగప్ప అని రాసి ఉంటే తెప్పించమనింది. పళ్ళెం వచ్చినాక లోపల కూర్చోనంది. పళ్ళెం చేత్తో పట్టుకుని ఇసకలోకి నడిచింది. చెప్పులు విడిచి నీళ్ళ అంచుకి పోయింది. నేను వెనకాలే, "అత్తా, తడిసిపోతావు" అంటా పోయాను.

"తడవనీలే మే. ఇన్నేళ్ళల్లో ఈ చేప ఇంకొకరు చేసి పెట్టగా తినడం ఇదే మొదలు" అనింది.

అల వచ్చి చీలమండల దాకా తడిపి వెనక్కి పోయింది. బురఖా అంచు ఉప్పునీళ్ళతో బరువెక్కి కాళ్ళకి చుట్టుకునింది. గాలికి పళ్ళెంలో నుంచి చేప మీది పొడి రేగి ఎగిరిపోతా ఉంటే అరచెయ్యి అడ్డం పెట్టుకుని, సముద్రంకేసి చూస్తా, తొందర లేకుండా, ముక్క ముక్కగా తింటా అట్నే నిలబడింది.